నిండిన కొట్లు

తన సహోదరునిచేత పిత్రార్జితము పంచిపెట్టింపుమని యొకడు ప్రభువును వేడుకొనగా, ఆయన తీర్పరిగా నుండనొల్లక ధనవంతుని ఉపమానము చెప్పెను. లూకా సువార్త 12వ అధ్యాయములోని యీ కథను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. తఱచుగా వినుటచేతనే కాబోలు, ఆ ధనవంతుడు దుర్మార్గుడని తలంచుచున్నాము. గ్రంథమున అట్లు లేదు. అతడు దొంగిలింపలేదు, కూలివాని కూలి బిగబట్టినట్లును వ్రాయబడలేదు. భూమి బాగుగా పండినది, చోటు చాలలేదు, పాతకొట్లు పడగొట్టి పెద్దవి కట్టింపదలచెను. తెలివిగల సేద్యగాడెవడైనను అంతే చేయును.

అయితే అతని మాటలయొద్ద కొంచెము నిలిచి చూతము. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణము. పొరుగువాని మాట లేదు, ఆకలిగొన్నవాని మాట లేదు, వాన కురిపించిన దేవుని మాట లేదు. సంభాషణమంతయు తనతో తానే. అంతకంటె వింత యేమనగా, ధాన్యమును చూపి ప్రాణమును తృప్తిపొందుమనుచున్నాడు. ఆకలి యొకటి, పెట్టిన అన్నము మఱియొకటి.

ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడినదని చెప్పుచోట గ్రీకుమూలమునందలి క్రియకు, ఇచ్చినదానిని తిరిగి అడుగుట యని యర్థము. అప్పిచ్చినవాడు అడుగునట్టి అడుగుట యది. ఏండ్లకు చాలు లెక్క వేసికొనినవాడు ఈ యొక్క బాకీని మఱచెను.

ఇది కథయే గదా యని పై తరగతులవారు అనవచ్చును. నిజముగా జీవించిన యొకనిని చూతము. రష్యాదేశపు గ్రంథకర్త టాల్‌స్టాయి (1828–1910) ఏబదియేండ్ల ప్రాయము వచ్చునప్పటికి సమారా ప్రాంతమున 6,000 దెస్యతీనుల భూమికి, అనగా సుమారు 16,000 ఎకరములకు, 300 గుఱ్ఱములకు యజమానుడు. కుటుంబము కలదు, కీర్తి కలదు. అయినను వీని పిమ్మట నేమను ప్రశ్న ఆయనను విడువలేదు. ప్రాణము తీసికొందునేమో యను భయముతో తుపాకి పట్టి వేటకు పోవుట మానెనని, 1884లో జెనీవాలో అచ్చయిన తన ‘ఒప్పుకోలు’ అను గ్రంథమున తానే వ్రాసెను. విద్వాంసుల పుస్తకములలో దొరకని జవాబు ఆయనకు దుక్కిదున్ను పేదకాపుల యొద్ద కనబడెను. రోగమును మరణమును వారు సణుగక ఎదుర్కొనుట చూచి, వారి విశ్వాసమువైపు తిరిగెను. పిమ్మట ఆయన క్రీస్తు దైవత్వమును నిరాకరించుట మాకు సమ్మతము కాదు. ఆ మాట దాచము. అయినను, నిండిన యింటిలోని వెలితిని ఇంత నిర్మొగమాటముగ చెప్పినవారు అరుదు.

విద్యార్థులు సెలవులలో ఇదే యధ్యాయమున 22 మొదలు 34వ వచనమువఱకు చదువుదురు గాక. కొట్లు లేని కాకుల ప్రస్తావన అచ్చటనే కలదు. ఉపమానము ముగిసిన వెంటనే ప్రభువు కాకులమాట యేల తెచ్చెనో నోటుపుస్తకములలో వ్రాసి, బడి తెఱచిన పిమ్మట మాకు చూపవలెను.