పిల్లల మ్యాచ్‌లో ఫోన్ బయటికి తీసే ముందు

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన మన కుటుంబాలు పిల్లలను ముందు బడిలో, ఆ వెంటనే ఏదో ఒక ఆటల క్లబ్బులో చేరుస్తాయి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లయితే ఆల్ స్టార్స్ క్రికెట్, లేదంటే ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ లీగ్. మొదటి మ్యాచ్‌కు అమ్మానాన్నలిద్దరూ ఫోన్లతో సిద్ధంగా ఉంటారు. ఊళ్లో అమ్మమ్మ వీడియో కోసం ఎదురుచూస్తుంటుంది. అంతలో కోచ్ వచ్చి, ‘ఫొటోలు బయట ఎక్కడా పెట్టకండి’ అంటే మనసు చివుక్కుమంటుంది. మనకే ఎందుకు చెప్పారని అనుమానం కూడా వస్తుంది. ఆ మాట అక్కడ ఏ తల్లిదండ్రులకైనా చెప్పేదే. కారణం తెలిస్తే మీరే పదిమందికి చెబుతారు.

ఎవరి కోసం ఈ నియమాలు

మీ పిల్లవాడి జట్టులో ఒక పాప ఉందనుకోండి. ఇంట్లో హింస భరించలేక తల్లి ఆ పాపను తీసుకుని వేరే ఊరికి వచ్చేసింది. వాళ్లెక్కడున్నారో తండ్రికి తెలియకూడదు. ఇంకో బాబు దత్తత వచ్చినవాడు, లేదా ప్రభుత్వ సంరక్షణలో వేరే కుటుంబం దగ్గర పెరుగుతున్నవాడు. ఇలాంటి పిల్లలు ఎవరో క్లబ్ మీకు చెప్పదు, చెప్పకూడదు. మీరూ ఆరా తీయకూడదు. అందుకే నియమం అందరికీ ఒకేలా ఉంటుంది.

చట్టం ఏమంటుంది

సొంత పిల్లల ఆటను ఫొటో తీసుకోవడం ఇక్కడ నేరం కాదు. కేవలం ఇంటి అవసరానికి తీసుకునే ఫొటోలకు డేటా రక్షణ చట్టం వర్తించదని డేటా రక్షణను పర్యవేక్షించే సంస్థే చెబుతోంది. అయితే పిల్లలను చేర్చేటప్పుడు మీరు ఒప్పుకున్న క్లబ్ నియమావళి ఒకటుంది. ఫుట్‌బాల్ అసోసియేషన్, ఇంగ్లండ్ అండ్ వేల్స్ క్రికెట్ బోర్డు రెండూ పిల్లల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చాయి. క్లబ్బులు వాటిని పట్టుకునే నడుస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా ఇక్కడ పిల్లలే. పదహారేళ్ల ఫాస్ట్ బౌలర్‌కూ ఇవే నియమాలు.

చేరే రోజున

రిజిస్ట్రేషన్ ఫారంలో ఫొటోల అనుమతికి ఒక గడి ఉంటుంది. క్లబ్ వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియాలో మీ పిల్లల ఫొటోలు వాడుకోవచ్చా అని అడుగుతారు. హడావుడిగా టిక్ పెట్టేయకుండా చదవండి. వద్దనుకుంటే వద్దనే రాయండి. అంతమాత్రాన పిల్లలకు జట్టులో చోటు పోదు. ఒకసారి సరేనన్నా తర్వాత మనసు మార్చుకోవచ్చు. పెద్ద పిల్లలైతే వాళ్లనూ అడిగే రాయండి.

పిల్లల జట్లున్న ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బుకూ ఒక వెల్ఫేర్ ఆఫీసర్ ఉంటారు. క్రికెట్ క్లబ్బుల్లో సేఫ్‌గార్డింగ్ ఆఫీసర్ అంటారు. మొదటి వారంలోనే వాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. ఫొటోల విషయంలో క్లబ్ పద్ధతి ఏమిటని అడగండి. ఇలా అడిగే తల్లిదండ్రులంటే వాళ్లకు గౌరవం.

మైదానంలో

ఫుట్‌బాల్‌లో ప్రేక్షకులకు గీసిన గీత వెనకాలే నిలబడాలి. మంచి ఫొటో వస్తుందని గోల్ వెనక్కి వెళ్లకూడదు. క్రికెట్‌లో సైట్ స్క్రీన్ దగ్గర కదిలితే బ్యాటర్‌కు బంతి కనబడదు. జిమ్నాస్టిక్స్‌లో ఫ్లాష్ వాడితే పిల్లలు అదుపు తప్పి పడొచ్చు, అందుకే దాన్ని ఒప్పుకోరు. ఈత పోటీల్లో నియమాలు ఇంకా గట్టివి. చాలాచోట్ల కెమెరా వాడాలంటే ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. స్టార్టింగ్ బ్లాకుల వెనక నుంచి తీయకూడదు. బట్టలు మార్చుకునే గదుల్లో, టాయిలెట్ల దగ్గర ఫోన్ బయటికి తీయనే కూడదు, ఏ ఆటలోనైనా.

ఇంగ్లండ్‌లో పొద్దున పదయితే మన దగ్గర చలికాలం లెక్కన మధ్యాహ్నం మూడున్నర. అమ్మమ్మ మెలకువగానే ఉంటుంది, వీడియో కాల్ చేయాలనిపిస్తుంది. క్లబ్ సరేనంటే కాసేపు మీ పిల్లవాడినే చూపించండి. ఫేస్‌బుక్ లైవ్ మాత్రం క్లబ్ అనుమతి లేకుండా పెట్టవద్దు. లైవ్‌లో ఒకసారి కనబడినదాన్ని వెనక్కి తీసుకోలేం.

కొన్ని జట్లు పొడవాటి స్తంభం మీద కెమెరా పెట్టి మ్యాచ్ మొత్తం రికార్డు చేస్తాయి. అది పిల్లలకు ఆట నేర్పడానికి. ఆ సంగతి రెండు జట్ల తల్లిదండ్రులకూ ముందే తెలియాలి. మీకు వచ్చిన లింకును బయటివాళ్లకు పంపకండి.

పోస్టు చేసే ముందు

ఒక మామూలు ఫొటో చూద్దాం. మీ అబ్బాయి గోల్ కొట్టాడు, నలుగురు స్నేహితులు వచ్చి మీద పడ్డారు, మీరు క్లిక్‌మనిపించారు. ముచ్చటైన ఫొటో. దాన్నే ఇప్పుడు పరాయి మనిషి కళ్లతో చూడండి. చొక్కాల మీద క్లబ్ చిహ్నం. వెనక కంచెకు పార్కు పేరున్న బోర్డు. కింద మీరు రాసిన వాక్యం: ‘ప్రతి ఆదివారం పదింటికి మావాడి ఆట ఇక్కడే’. ఇద్దరు పిల్లల పేర్లు కూడా రాశారు. ఆ ఒక్క పోస్టుతో అయిదుగురు పిల్లలు ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ దొరుకుతారో ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా తెలిసిపోయింది.

ఇక్కడి క్లబ్బులు పాటించే సూత్రం చిన్నది: ఫొటో ఉంటే పేరు వద్దు, పేరు ఉంటే ఫొటో వద్దు. మీ పిల్లవాడొక్కడే ఉండేలా ఫొటోను కత్తిరించండి. లొకేషన్ తీసేయండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది రాయకండి. ఇంటివాళ్ల గ్రూపులో పెట్టినా ఇంకెవరికీ పంపవద్దని చెప్పండి. వాట్సాప్ స్టేటస్ మీ ఫోన్‌లో నంబరున్న చాలామందికి కనబడుతుందని మరవకండి. వేరే పిల్లలున్న ఫొటో పెట్టాలనిపిస్తే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగండి.

ఎవరైనా అభ్యంతరం చెబితే

వాదించకండి. ఏం తీశారో చూపించండి, వాళ్ల పాప ఉన్న ఫొటో తీసేయండి. కారణం అడగవద్దు. చెప్పుకోలేని కారణం ఉండొచ్చు. ఇంకా తేలకపోతే వెల్ఫేర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. ఎవరో అపరిచితుడు పిల్లలను అదేపనిగా ఫొటోలు తీస్తున్నట్టు అనిపిస్తే మీరే వెళ్లి నిలదీయకండి, కోచ్‌కు గానీ ఆ ఆఫీసర్‌కు గానీ చెప్పండి. పిల్లల భద్రత గురించి సలహా కావాలంటే పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ హెల్ప్‌లైన్ 0808 800 5000. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 999.

మన సంఘాల ఆటల్లోనూ

వేసవిలో మన తెలుగు సంఘాలు కూడా పిల్లలకు ఆటల పోటీలు పెడుతుంటాయి. సాయంత్రానికల్లా పిల్లల ఫొటోలన్నీ పేర్లతో సహా ఫేస్‌బుక్‌కు ఎక్కేస్తాయి. అక్కడ మనల్ని ఆపే కోచ్ ఉండడు, కాబట్టి బాధ్యత మనదే. ఎంట్రీ ఫారంలో ఫొటో అనుమతికి ఒక గడి చేర్చండి. ఈ పని చూసుకోవడానికి ఒకరిని నియమించి, వాళ్ల పేరు మైక్‌లో చెప్పండి. వద్దన్న పిల్లలు సంఘం ఫొటోల్లో లేకుండా చూడండి. ఊరుకాని ఊళ్లో మనల్ని నమ్మి పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఆ మాత్రం భరోసా ఇవ్వాలి. వచ్చే పోటీలకు ఫారం అచ్చు వేయకముందే ఈ మాట కమిటీలో ఎత్తండి.