సాన్నిహిత్యం - సమష్టి నడవడి

తరచుగా కలుసుకోవడం వల్ల, ఒకరి కష్టసుఖాలు మరొకరికి తెలియడం వల్ల, ఆపదలో ఆదుకుంటారన్న నమ్మకం వల్ల మనుషుల మధ్య పెరిగే దగ్గరితనమే సామాజిక సాన్నిహిత్యం. అది ఒక బృందంలోని సభ్యులను విడిపోనివ్వకుండా పట్టి ఉంచినప్పుడు దానిని సమూహ సంసక్తి అంటారు. ఈ దగ్గరితనం పెరిగినకొద్దీ బృందం మంచి పనులే చేస్తుందని చాలామంది నమ్ముతారు కానీ, సాన్నిహిత్యం నిజానికి బృందంలో అప్పటికే ఉన్న కట్టుబాటుకు, అంటే ‘మనవాళ్లు ఇలాగే నడుచుకోవాలి’ అన్న అలిఖిత నియమానికి బలం చేకూరుస్తుంది. ఆ నియమం మంచిదైతే ఫలితమూ మంచిదవుతుంది, చెడ్డదైతే నష్టమూ పెద్దదవుతుంది.

అమెరికాలోని ఒక భారీ యంత్రాల కర్మాగారంలో 200కు పైగా కార్మిక బృందాలను పరిశీలించి స్టాన్లీ సీషోర్ 1954లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే తేల్చింది. సంసక్తి ఎక్కువగా ఉన్న బృందాల్లో సభ్యులందరి ఉత్పత్తి దాదాపు ఒకే స్థాయిలో ఉండేది. సంస్థ తమకు అండగా ఉందని నమ్మిన బృందాల్లో ఆ స్థాయి ఎక్కువగా ఉంటే, ఆ నమ్మకం లేని బృందాల్లో తక్కువగా ఉండేది.

తెలుగు నేల మీద ఇందుకు బలమైన ఉదాహరణ నెల్లూరు జిల్లాలో కనిపిస్తుంది. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి తరగతుల్లో పక్కపక్కన కూర్చుని చదువుకున్న స్త్రీలు, సారా వల్ల తమ ఇళ్లలో జరుగుతున్నది ఇరుగుపొరుగు ఇళ్లలోనూ జరుగుతోందని గ్రహించారు. ఎవరికి వారు తమ ఖర్మ అనుకుని భరించిన బాధ అందరి సమస్యగా అర్థమయ్యాక, ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించడంతో మరుసటి సంవత్సరమే ప్రభుత్వం సారాను నిషేధించింది. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు నెల్లూరు జిల్లా ఊళ్లలో వేళ్లూనుకోవడానికీ ఈ ఐక్యతే తోడ్పడింది.

అయితే అలాంటి దగ్గరితనాన్నే తర్వాతి కాలంలో సూక్ష్మరుణ సంస్థలు వసూలుకు వాడుకున్నాయి. ఉమ్మడి పూచీ పద్ధతిలో ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే మిగిలినవారు తలా కొంత వేసుకుని కట్టాలి కాబట్టి, నిన్నటిదాకా ఆమెను అక్కా, వదినా అని పిలిచినవారే ఆమె గుమ్మం ముందు కూర్చుని నిలదీసే పరిస్థితి వచ్చింది. రుణగ్రహీతల ఆత్మహత్యలు ఆందోళన కలిగించడంతో 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వసూళ్లను అదుపు చేస్తూ చట్టం చేయవలసి వచ్చింది.

విద్యాధికులూ ఈ ఒత్తిడికి అతీతులు కారు. సన్నిహితుల బృందం ఏకాభిప్రాయాన్ని కాపాడుకోవాలన్న ఆత్రంలో సందేహాలను అణచివేసుకునే ధోరణిని మనస్తత్వ శాస్త్రవేత్త ఇర్వింగ్ జానిస్ 1972లో ‘గ్రూప్‌థింక్’ పేరుతో వివరించాడు. 1961లో క్యూబాపై దాడి పథకాన్ని అమెరికా అధ్యక్షుడు కెనడీ సలహాదారులు చర్చించినప్పుడు, ఆ పథకం సరికాదని భావించిన వారిలో ఒకరైన ఆర్థర్ ష్లెసింజర్ సమావేశాల్లో దాదాపు మౌనంగా ఉండిపోయి తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. దాడి ఘోరంగా విఫలమైంది. మరుసటి సంవత్సరం క్యూబా క్షిపణి సంక్షోభంలో కెనడీ కొన్ని సమావేశాలకు కావాలనే దూరంగా ఉండి, సలహాదారులు స్వేచ్ఛగా వాదించుకునే వీలు కల్పించాడు. బృందంలో చాలామంది పాతవారే అయినా, అభ్యంతరం చెప్పడం బాధ్యత అన్న కొత్త నియమం వారి ఆలోచన తీరును మార్చింది.

కాబట్టి వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోదలచినవారు తమ బృందంలో ఏ మాటకు మెప్పు దొరుకుతోందో, ఏ మాట దగ్గర అందరూ మౌనం వహిస్తున్నారో ముందుగా గమనించాలి. ఆప్తుల మాటతో విభేదించడం వారిపై అభిమానం లేకపోవడం కాదని తాము గ్రహించడమే కాక, తమతో విభేదించినవారిని మునుపటిలాగే ఆదరించి ఆ నమ్మకాన్ని ఇతరులకూ కలిగించాలి. కొత్త సమాచారం, భిన్నమైన అనుభవం సాధారణంగా బయటి పరిచయాల ద్వారానే అందుతాయి కనుక, ఆ పరిచయాలను నిలుపుకోవాలి. వెనుకబడిన సభ్యుడిని నిలదీసే ముందు అతని కష్టమేమిటో అడిగి తెలుసుకోవాలి. బృందపు కట్టుబాటు ఇలాంటి చిన్న చిన్న నడవళ్లతోనే రూపుదిద్దుకుంటుంది కాబట్టి, దాని మంచిచెడులలో ప్రతి సభ్యుడికీ బాధ్యత ఉంటుంది.