దైవము – దయ్యము

ప్రకృతి వికృతులు వల్లెవేయు పిల్లవాడు "దైవము – దయ్యము" అను జంట వచ్చునప్పటికి ఒక్క క్షణము ఆగును. గుడిలో నున్నది దైవము. ఊరి వెలుపల చింతచెట్టుపై నున్నదని పెద్దలు భయపెట్టునది దయ్యము. ఈ రెండును ఒక్క మాటయే యెట్లగును? అయినను వ్యాకరణము చెప్పునది సత్యము. ప్రాచీన కావ్యములందు దయ్యమను మాట దేవుడను అర్థమున కూడ ప్రయుక్తమైనది. కాలక్రమమున ప్రకృతి గర్భాలయముననే నిలిచినది. వికృతి శ్మశానము చేరినది.

ఇట్టి చరిత్రయే ప్రాచీన గ్రీకు భాషయందలి "దైమోన్" అను పదమునకును కలదు. ఉచ్చారణ దగ్గరగా నున్నదని దీనిని మన దైవ శబ్దమునకు చుట్టముగా భావింపరాదు. దైవ శబ్దమునకు మూలము ప్రకాశార్థకమైన "దివ్" ధాతువు. దైమోన్ అను పదము "పంచియిచ్చుట" అను అర్థము గల ధాతువునుండి పుట్టినదని పండితులలో పెక్కురి అభిప్రాయము. ఎవరి పాలు వారికి పంచునది దైమోన్. మన "భగ" శబ్దము భావమున దీనికి సన్నిహితము. వేదమునందు భగుడు పాలు పంచు దేవత. భాగము, భాగ్యము, భగవంతుడు అను మాటలన్నియు ఆ కుదురునుండి వచ్చినవే.

గ్రీకుల ఆదికవి హోమరు కొన్ని తావుల సాక్షాత్తు దేవతలనే ఈ పేరుతో పిలిచెను. మరికొన్ని తావుల, ఏ దేవత చేసినదో తెలియని ఆకస్మిక సంఘటనకు కారణమైన శక్తిని ఇట్లు పేర్కొనెను. మనము "దైవము కలిసి రాలేదు" అన్నప్పుడు ఆ మాటకు గల అర్థము ఇట్టిదే. పిదప హెసియడ్ అను కవి, స్వర్ణయుగపు మానవులు మరణానంతరము దైమోనులై మనుష్యులను కాపాడుచుందురని చెప్పెను. ప్లేటో తన "సింపోజియం" అను గ్రంథమున దీనికి మూడవ అర్థమును కల్పించెను: దేవతలకును మనుష్యులకును నడుమ నుండి, ఇచటి ప్రార్థనలను అచటికి, అచటి ఆజ్ఞలను ఇచటికి చేర్చునది దైమోన్.

అన్నిటికంటె మనకు ఆసక్తి కలిగించునది సోక్రటీసు అనుభవము. బాల్యమునుండి తనలో ఒక దివ్యమైన సంకేతము వినవచ్చుచుండెడిదని ఆయన చెప్పుకొనెను. అది "ఇది చేయుము" అని యెన్నడును ప్రేరేపింపలేదు. చేయరాని పనికి పూనుకొన్నప్పుడు మాత్రము వారించెడిది. క్రీ.పూ. 399లో ఏథెన్సు నగరమున ఆయనపై మోపబడిన నేరములలో, కొత్త దైవశక్తులను ప్రవేశపెట్టుచున్నాడనునది యొకటి. ఆయనకు అంతర్వాణియైనది పరులకు అపరాధముగా తోచినది!

పిమ్మట ఈ పదము పతనము చెందినది. యూదుల ధర్మగ్రంథములు గ్రీకులోనికి అనువదింపబడినప్పుడు అన్యజనుల దేవతలకు ఈ కుదురు పదమునే వాడిరి. క్రైస్తవ గ్రంథములందు అది మనుష్యులను పట్టి పీడించు దుష్టశక్తికి పేరైనది. ఆ తావులందు తెలుగు బైబిలులో కనబడు మాట "దయ్యము". ఒకే విధముగ దిగజారిన రెండు మాటలు ఇట్లు కలిసికొనినవి. ఇందు ఒక్క మతమును తప్పుపట్ట పనిలేదు. ఋగ్వేదమున వరుణుడంతటివానికి చెల్లిన "అసుర" పదము మనకు పిదప నిందావాచక మైనది. పారశీకుల అవెస్తాలో అదియే "అహుర"యై పరమేశ్వరునికి పేరు కాగా, మన దేవ శబ్దమే అచట దుష్టశక్తిని తెలుపునది. ఒకరి దైవము మరొకరి నోట దయ్యమగుట లోకరీతి.

కాని దయ్యమును దైవముగా చేసికొన్న చరిత్రయు మన గడ్డపైననే కలదు. నాగార్జునసాగర జలాశయమున మునుగుటకు ముందు, 1954–60 నడుమ నాగార్జునకొండలో జరిగిన త్రవ్వకములందు ఇక్ష్వాకుల కాలపు హారీతి ఆలయము బయల్పడినది. పరుల బిడ్డలను భక్షించు యక్షిణియైన హారీతి, తన బిడ్డ కనబడక తల్లడిల్లి, బుద్ధుని బోధచే మారి, శిశువులకు రక్షకురాలైనదని బౌద్ధగాథ. అమరావతి శిల్పములందు పొట్టి యక్షులు పూలదండలను భుజములపై మోయుచుందురు. మన పల్లెలు మశూచి భయమునకు సైతము అమ్మవారి రూపమిచ్చి పోలేరమ్మయని కొలిచినవి. మశూచి లోకమునుండి తొలగినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. పోలేరమ్మ కొలుపులు మాత్రము ఆగలేదు. భయము పోయినను తల్లి నిలిచినది.

ఇక మన కర్తవ్యమేమి? 1987–88లో తెల్లదోమ తాకిడికి ప్రత్తిపంట నాశనమై, అప్పులు తీరు దారి కానరాక, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. అట్టి వేళ "వాని దైవము అంతే" యనుట సులభము. "వానికి దయ్యము పట్టినది" యనుట మరింత సులభము. ఈ రెండు మాటలును మనలను కర్తవ్యమునుండి తప్పించునవే. పంట పోయిన రైతు అరుగు మీద ఒంటరిగా కూర్చున్న రాత్రి, ప్రక్కన కూర్చుండి, అప్పు సంగతి అడిగి తెలిసికొని, "ఆగుము, తెల్లవారనిమ్ము, నేనును నీతో వత్తును" అను పొరుగువాడే సోక్రటీసు విన్న ఆ వారించు వాణి. ప్లేటో చెప్పినట్లు దేవునికిని మనుష్యునికిని నడుమ నిలిచి సందేశమును చేర్చువాడును అతడే.

తనకు తానే బంధువు, తనకు తానే శత్రువు అని గీతాచార్యుడు ఉపదేశించెను. ఇతరులు కొలుచు శక్తిని దయ్యమని తూలనాడకుందము. మనలో వారించు స్వరమును వినుటకు రోజున కొంతసేపు మౌనము వహింతము. కష్టమునందున్న వానికి ఆ స్వరము వినబడనప్పుడు మన నోటితో దానిని వినిపింతము. దైవము దయ్యముగా మారుటయు, దయ్యము దైవముగా మారుటయు మాటలో మొదలై మన నడవడిలో పూర్తియగును.