పలకని కంప్యూటరు

2020 మార్చి లాక్‌డౌన్‌లో ఫిలింనగర్ షూటింగులు ఆగిపోయాయి. ఎడిటింగు, గ్రాఫిక్స్ పనులు కొన్ని ఇళ్ళకు చేరాయి. అలాంటి ఒక ఆఫీసు ఉందనుకుందాం. దాని కంప్యూటర్లన్నిటిలోని యాంటీవైరస్‌పై పెత్తనం జూబ్లీ హిల్స్‌లోని సర్వరుది. ప్రతి కంప్యూటరూ దానికి తన క్షేమసమాచారం పంపి, కొత్త వైరస్‌ల ఆనవాళ్ళు తెచ్చుకుంటుంది. కూకట్‌పల్లిలో ఒక ఉద్యోగి ఇంట్లో ఉన్నది మాత్రం పది రోజులుగా పలకడం లేదు.

వైరస్ పట్టినట్టు కబురేమీ రాలేదు కదా అని ఊరుకోవచ్చునా? 2017 మే 12న వానాక్రై ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరే విండోస్ కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అది చేరని కంప్యూటర్ల సంగతి వేరు!

మరి తప్పెక్కడ? మిగతావీ పలకకపోతే సర్వరునే అనుమానించాలి. ఇదొక్కటే అయితే వీపీఎన్ చూడాలి. ఆఫీసు లోపలి సర్వరు చిరునామా బయట చెల్లదు. ఇంటినుంచి అక్కడికి చేర్చే రహస్యమార్గమే వీపీఎన్. అప్పటికీ పలకకపోతే గడియారం చూడండి. నవ్వకండి! సర్వరు అసలైనదేనని తెలిపే ధ్రువపత్రానికి గడువు తేదీలుంటాయి. కంప్యూటరులోని చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోవచ్చు. అప్పుడా పత్రం ఇంకా అమలులోకి రానట్టే లెక్క. కంప్యూటరు అసలు సర్వరునే దొంగగా భావించి మాటలు మానేస్తుంది.

యాంటీవైరస్‌ను తీసి మళ్ళీ ఎక్కించడం చివరి ఉపాయం. ఎక్కించేదాకా ఆ యంత్రానికి కాపలా ఉండదు.