రక్తహీనత: విద్యార్థుల కొక ఆరోగ్యపాఠము



మన జహీరాబాదు ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినవారు మొట్టమొదట గమనించునది ఇచ్చటి నేల రంగు. బీదరు వైపునకు పోవుకొలది ఆ యెఱ్ఱదనము మఱింత చిక్కనగును. వర్షకాలమున బడికి వచ్చు పిల్లల పాదములకును, బట్టల యంచులకును అంటుకొని, ఎంత ఉదికినను పోని ఆ రంగు నిజమునకు తుప్పు రంగే. ఇచ్చటి యెఱ్ఱరాతిలో ఇనుము మెండుగా నున్నది. అది గాలికిని నీటికిని తుప్పుపట్టి నేలకు ఆ వన్నె తెచ్చినది. ఇంత ఇనుము గల నేలపై దినదినము నడయాడు మన పిల్లలలో అనేకుల రక్తమునందు ఇనుము చాలకున్న దనిన వినుటకు వింతగా నుండును గాని అది యథార్థము.

2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల వయస్సు గల బాలికలలో నూటికి 59 మందికిని, అదే వయస్సు బాలురలో నూటికి 31 మందికిని రక్తహీనత యున్నట్లు తేలినది. అంతకు ముందు 2015-16లో జరిగిన సర్వేలో బాలికల సంఖ్య నూటికి 54. తగ్గవలసినది పెరిగినది. ఒక తరగతిలో నలువదిమంది బాలికలు కూర్చుండిరనుకొనుడు. ఆ లెక్క ప్రకారము వారిలో ఇరువదిమందికి పైగా రోగులే. అయినను వారిలో ఏ యొక్కరును మంచము పట్టి యుండరు. హాజరు పట్టీలో అందఱును హాజరే. జ్వరము వచ్చిన పిల్లవానిని ఇంటికి పంపుదుము. రక్తము చాలని పిల్లను మాత్రము మందమతి యనియు, సోమరి యనియు లోకము మందలించును.

రక్తమున కెఱ్ఱదనము నిచ్చునది హీమోగ్లోబిన్ అను పదార్థము. అది ఎఱ్ఱకణములలో నుండి, ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి, మెదడునకును, కండలకును మోసికొని పోవును. దీని నిర్మాణమునకు ఇనుము అవశ్యకము. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతికి నశించును; దానిలోని ఇనుమును శరీరము పాఱవేయక, పొదుపరియైన గృహిణివలె క్రొత్త కణముల కుపయోగించును. అయినను రక్తము బయటికి పోయినప్పుడు ఇనుమును దానితోడనే పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ప్రమాణము ననుసరించి, 12 మొదలు 14 ఏండ్ల పిల్లలకును, 15 ఏండ్లు నిండిన బాలికలకును డెసిలీటరు రక్తమున 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండవలెను. 15 ఏండ్లు నిండిన బాలురకు 13 గ్రాములు. 8 గ్రాములకు తగ్గినచో అది తీవ్రమైన రక్తహీనత.

ఈ జబ్బు మీ వయస్సువారినే ఏల పట్టుకొనును? పది మొదలు పందొమ్మిది ఏండ్ల నడుమ శరీరము వేగముగా పెరుగును, కండలు వృద్ధిచెందును, రక్తపు పరిమాణమే పెరుగును. బాలికలకు నెలనెలయు కొంత రక్తము పోవుచుండును. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు గనుకనే ఇచ్చట వ్రాయుచున్నాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన పట్టికలో 13-15 ఏండ్ల బాలునకు దినమునకు 22 మిల్లీగ్రాముల ఇనుమును, బాలికకు 30 మిల్లీగ్రాములను విధించిరి. కాని మన యిండ్లలో నడచునది దీనికి విరుద్ధము. తండ్రియు అన్నదమ్ములును భుజించిన పిమ్మట గిన్నె యడుగున మిగిలిన పులుసు ఆడుపిల్లకు దక్కును. ఎవరికి ఎక్కువ కావలెనో వారికే తక్కువ!

ఇక లక్షణములు. మెట్లెక్కిన ఆయాసము, గుండెదడ, తలనొప్పి, చదివినది నిలువకపోవుట, మధ్యాహ్నపు తరగతిలో కన్నులు మూతపడుట. క్రింది రెప్పను కొంచెము లాగి చూచినచో లోపలి భాగము ఎఱ్ఱగా నుండుటకు బదులు పాలిపోయి యుండును. నాలుకయు, గోళ్లును అట్లే. ఉదయ ప్రార్థనకు ఎండలో నిలుచున్నప్పుడు ఒకానొక బాలిక కన్నులు చీకట్లు క్రమ్మి క్రిందపడుట మనము చూచుచునే యున్నాము. అప్పుడు దిష్టి తీయువారు కొందఱు, గాలి సోకినదని తాయెత్తు కట్టువారు కొందఱు. ఆ పిల్ల ఉదయమున ఏమైన తిన్నదా యని అడుగువారు అరుదు. పడుటకు కారణములు పెక్కులుండవచ్చును. కాని మాటిమాటికి పడు పిల్లకు రక్తపరీక్ష చేయింపకుండుట మాత్రము క్షమింపరాని యుపేక్ష.

ఇంకొక విచిత్ర లక్షణమును ఉపాధ్యాయులు బాగుగా నెఱుగుదురు. కొందఱు పిల్లలు బలపములను, సుద్దముక్కలను, పచ్చిబియ్యమును, తొలకరి వానకు తడిసిన మట్టిని చాటుగా తినుచుందురు. సంచిలో పుస్తకములకంటె బలపములే ఎక్కువగా నుండు బాలికలు ఇప్పటికిని గలరు. ఇంటిలోని ముసలమ్మ లిది చూచి, “తింటే తినని తియ్, మేం తినలేదా!” యని నవ్వుదురు, తల్లులు కొట్టుదురు. నవ్వుటయు కొట్టుటయు రెండును నిష్ప్రయోజనమే. ఇట్టి వింత ఆకలి తఱచుగా ఇనుపలోపమునకు గుర్తని వైద్యులు నిర్ణయించిరి. చికిత్స జరిగిన పిమ్మట చాలమందిలో ఆ కోరిక తనంతట తానే విడిచిపోవును. కనుక బలపము తిను పిల్ల దొంగ కాదు, రోగి. మట్టి తినుటవలన కడుపులో పురుగులు చేరి రక్తము మఱింత క్షీణించును గనుక, ఆ యలవాటును దాచిపెట్టుట ప్రమాదము.

ఆహారము మాట. మన పెద్దలు జొన్నరొట్టె తిని పొలము దున్నినవారు. నూఱు గ్రాముల జొన్నలలో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుమును, సజ్జలలో 6 మిల్లీగ్రాములకు పైగాను ఉండగా, మరపట్టిన తెల్లబియ్యమున ఒక మిల్లీగ్రామైనను లేదు. రొట్టె తినుట బీదతనమనియు, తెల్లయన్నము తినుట గొప్పయనియు తలంచుటతో మన పళ్లెములలో ఇనుము తగ్గినది. అట్లని జొన్న నొకదానినే నమ్ముకొనుటయు మేలు కాదు. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను బీదలలో ఒకప్పుడు పెల్లాగ్రా యను చర్మవ్యాధి కనబడుచుండగా, సి. గోపాలన్ గారును, ఎస్. జి. శ్రీకాంతియ గారును పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ అను పదార్థము మిక్కుటముగా నుండుటకును ఆ వ్యాధికిని సంబంధము గలదని 1960లో ప్రకటించిరి. పప్పును, కూరయు, పాలును చేరిన రొట్టె వేఱు. కారము నంజుకొని తిను వట్టి రొట్టె వేఱు.

మఱియొక చిక్కు గలదు. ధాన్యములలోని ఇనుమంతయు మన రక్తమునకు చేరదు. అందలి ఫైటేటులను పదార్థములు దానిని పట్టియుంచును; పదింట ఒకపాలు చేరిన అదియే ఎక్కువ. నానవేసి మొలకెత్తించినను, పిండిని పులియబెట్టినను ఈ బంధము కొంత సడలును. నిమ్మరసము, ఉసిరి, జామపండు తోడైనచో ఇనుము సులువుగా ఇంకును. దీనికి సరిగా శత్రువు తేనీరు. రొట్టె తినుచు చాయ త్రాగుట మన బస్తీలోను, హైదరాబాదునుండి పూనాకు పోవు రాజమార్గము ప్రక్కనున్న హోటళ్లలోను అందఱకును మరిగిన అలవాటు. ఆ చాయ భోజనములోని ఇనుమును చాలవఱకు పట్టివేయును. చాయ మానుమని చెప్పినచో మా మాట ఎవరు విందురు? భోజనమునకును చాయకును గంట, రెండుగంటల యెడమిచ్చిన చాలును. మాంసము తినువారికి కార్జము, మాంసము, చేపలలోని ఇనుము ధాన్యములలోని దానికంటె సులువుగా ఒంటబట్టును.

ఆకుకూరల విషయమున మన ప్రాంతము బీదది కాదు. పస్తాపూరులోని దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, విత్తకయే చేలలో మొలచు కూరలను పదులకొలది పేర్లతో గుర్తించి చెప్పగలరు: తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గునుగు, గంగవాయిలి. అక్షరము రాని అవ్వ యొకతె పొలము గట్టుపై నడచుచు చెప్పగల ఈ పాఠము మన వాచకములలో లేకపోవుట శోచనీయము. కలుపుమందు చల్లిన చేలలో కలుపుతోపాటు ఈ కూరలును నశించుచున్నవి. ఆకుకూరలోని ఇనుము ధాన్యములోని దానివలెనే కొలదిగా ఇంకును గనుక, వండి దించిన తరువాత నిమ్మరసము పిండుకొనుట యుక్తము.

తిన్నదానిని దొంగిలించు శత్రువు వేఱొకటి గలదు, అది కొంకిపురుగు. ఆరుబయట మలవిసర్జన చేసినచోట దీని గ్రుడ్లు తడినేలలో పొదిగి, పుట్టిన పిల్లలు చెప్పులు లేని పాదముల చర్మమును తొలుచుకొని లోనికి పోవును. రక్తముతోపాటు ఊపిరితిత్తులకు చేరి, గొంతునకు ప్రాకి, మ్రింగబడి, తుదకు చిన్నప్రేగులకు కొండ్లతో కఱచుకొని రక్తము పీల్చును. పెద్దజాతి పురుగు ఒక్కటి దినమునకు సుమారు 0.2 మిల్లీలీటర్ల రక్తము హరించును. నూఱు పురుగులున్న పిల్లవాడు దినమునకు 20 మిల్లీలీటర్లు పోగొట్టుకొనును! చెప్పులు, మఱుగుదొడ్డి, ఈ రెండే దీనికి నిజమైన అడ్డుకట్ట. 2015 మొదలు ప్రభుత్వమువారు జాతీయ నులిపురుగుల నివారణ దినమును జరుపుచు, ఒకటి మొదలు పందొమ్మిది ఏండ్లవారికి ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుచున్నారు. దానిని నమిలి మ్రింగవలెను. జేబులో దాచి గోడ వెనుక పాఱవేయు వీరుల నుద్దేశించి ఈ వాక్యము వ్రాసితిమి.

ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కూడ రక్తమునకు కావలెను. దీని చరిత్రలో మన తెలుగువాని పేరున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి యన్న పురుషోత్తము గారు స్ప్రూ యను గ్రహణివ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధిలో శరీరము ఆహారసారమును గ్రహింపలేక రక్తము క్షీణించును. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత అమెరికాకు పోయిరి. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుసారముచే నయమగునని 1931లో వెల్లడించెను. ఆ సారములోని గుణకారి యేదో అప్పటి కెవరికిని తెలియదు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేయగలిగిరి. స్ప్రూ రోగులకు అదియే మందైనది. అన్నను బలిగొన్న రోగమునకు తమ్ముని శ్రమవలన ఔషధము లభించినది. ఆయన 1948లో న్యూయార్కున మరణించిరి.

నేడు బడులలో ఇచ్చు నీలిమాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఇనుముతో కలిసి యున్నది. 2018లో ఆరంభమైన ‘ఎనీమియా ముక్త్ భారత్’ పథకము ప్రకారము 10-19 ఏండ్లవారికి వారమునకొక మాత్ర. అందు 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గలవు. పరగడుపున మ్రింగినవారికి వికారము కలుగవచ్చును గనుక భోజనానంతరము నీటితో పుచ్చుకొనవలెను. పాలతోను చాయతోను కాదు. మలము నల్లబడును; దానికి వెఱవనక్కఱలేదు. ఒక పిల్లకు త్రిప్పినంతమాత్రమున ఆ మాత్ర సంతానము కలుగనీయని మందని వదంతి పుట్టించువారు కొన్ని యూళ్లలో గలరు. అది శుద్ధ అబద్ధము. పైగా రేపు తల్లి కావలసిన బాలికకు రక్తబలమే ఆధారము. పదునెనిమిది ఏండ్లు నిండకమునుపు బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టముచే నిషిద్ధము. రక్తము చాలని చిన్నపిల్ల ప్రసవించునప్పుడు, ఇతరులు తట్టుకొనగల రక్తస్రావమే ఆమె ప్రాణము తీయగలదు. సంబంధము కుదిరినదని పదవ తరగతిలోనే బడి మాన్పించు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియజేయుట మీ వంతు, మా వంతు కూడ.

వారమున కొక మాత్ర నివారణకే గాని, రోగము ముదిరినవారికి చాలదు. బడికి వచ్చు ఆరోగ్య బృందమువారికి కనురెప్ప చూపించుడు. లేదా ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకో, మన పట్టణపు ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రికో పోయి వ్రేలి రక్తము పరీక్ష చేయించుకొనుడు. లోపమున్నచో దినదినమును కొన్ని నెలలు మందు తినవలసి యుండును. రెండు వారములలో ఆయాసము తగ్గగానే మానివేయువారే ఎక్కువ. హీమోగ్లోబిన్ సరిపడిన పిమ్మటను శరీరపు ఖజానా నిండుటకు మఱికొన్ని నెలలు పట్టును. ఎనిమిది గ్రాములకు తగ్గినవారు ఆలస్యము చేయరాదు. మందు తినుచున్నను రక్తము పెరుగనివారికి ఇనుపలోపము కాక వేఱు కారణ ముండవచ్చును: బి12 విటమిను లోపము, మలేరియా, లేక వంశానుగతమైన తలసీమియా, సికిల్‌సెల్ రోగము. ఈ కడపటిదానికై గిరిజన ప్రాంతములలో పరీక్షలు జరుపుటకు 2023లో జాతీయ పథక మొకటి ఆరంభమైనది. వీనికి చికిత్స వేఱు. అందుచే అంగడిలో బలపు టానిక్కు కొని త్రాగుచు నెలలు గడుపుట తగదు.

మాత్రలు ఇంటికి తీసికొనిపోవువారికి ఒక జాగ్రత్త. వాని రంగు చూచి చిన్న తమ్ముడో చెల్లెలో మిఠాయి యనుకొని గుప్పెడు మ్రింగినచో అది విషమగును. ప్రాణాపాయము గూడ కలుగును. అట్లు జరిగినచో వాంతులు తగ్గినవని ఊరకుండక, మాత్రల పొట్లముతో సహా పిల్లవానిని తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. పొట్లము అందని యెత్తున, తాళము గల పెట్టెలో నుంచుడు.