కరెంటు వచ్చిన వెంటనే లెక్కల ప్రోగ్రాము తానే మొదలగుట ఎట్లు?

మజూరీ పంచే నాడు దూరపు పేటల నుండి నేతగాండ్రు బట్ట పట్టుకొని సంఘానికి వస్తారు. ముందు రాత్రి కరెంటు పోయి వచ్చినది. కంప్యూటరు వెలుగుచున్నది గాని లెక్కల ప్రోగ్రాము తెరుచుకొనుట లేదు. దానిని నడిపించుట తెలిసిన కుర్రవాడు సెలవులో ఉన్నాడు. ఇచ్చిన నూలు, తెచ్చిన బట్ట, రావలసిన మజూరీ అన్నీ అందులోనే చిక్కుకొన్నవి. వచ్చినవారికి బస్సు ఛార్జీ దండుగ, మగ్గం మీద ఒక పూట నష్టం. షోలాపురంలోనైనా, సేలంలోనైనా లెక్కలు కంప్యూటరుకు ఎక్కించిన సంఘాలకు ఈ చిక్కు రాగలదు. దీనికి విరుగుడు సులభమే.

అప్లికేషన్ సర్వర్ అనగా లెక్కల ప్రోగ్రామును తనలో ఉంచుకొని, గదిలోని ఇతర కంప్యూటర్లు అడిగినప్పుడెల్ల జవాబిచ్చే ప్రోగ్రాము. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారు ఉచితంగా ఇచ్చే టామ్‌క్యాట్ ఇట్టిదే. అది జావా మీద నడుచును. మామూలుగా 8080 నంబరు పోర్టు వద్ద వినుచుండును. చేతితో నడిపించిన టామ్‌క్యాట్ కంప్యూటరు ఆగినప్పుడు తానూ ఆగిపోవును. మరల ఎవరైనా నడిపించవలసినదే.

లైనక్స్ కంప్యూటర్లలో ఈ పని చూచే మేస్త్రీ పేరు సిస్టమ్‌డి. ఇది 2010లో వచ్చినది. ఉబుంటు, డెబియన్ రెండునూ 2015 నుండి దీనినే వాడుచున్నవి. ఏ పని ముందు, ఏ పని తరువాత, ఎవరి పేరున చేయవలెనో ఒక చీటీలో వ్రాసి ఇచ్చిన, కంప్యూటరు లేచినప్పుడెల్ల సిస్టమ్‌డి ఆ ప్రకారం చేయును. ఉబుంటు భాండారం నుండి వేసిన టామ్‌క్యాట్‌కు ఈ చీటీ ముందే ఉండును. విడిగా దింపి వేసినదానికి మనమే వ్రాయవలెను. ఈటీసీ ఫోల్డరులో సిస్టమ్‌డి, అందులో సిస్టమ్ అను ఫోల్డరులో ‘టామ్‌క్యాట్ డాట్ సర్వీస్’ అను పేరుతో దానిని ఉంచవలెను. కంప్యూటరులో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే వ్రాయవలెను. పెద్ద, చిన్న అక్షరాల తేడా తప్పరాదు.

చీటీలో మూడు భాగాలు.

1. యూనిట్. ఇక్కడ వరుస చెప్పవలెను. పడుగు ఎక్కించక నాడె విసరిన లాభమేమి? అట్లే డేటాబేస్ లేవక ముందు టామ్‌క్యాట్ లేచిన లెక్కలు దొరకవు. ‘ఆఫ్టర్’ అని వ్రాసి నెట్‌వర్కు, డేటాబేసుల పేర్లు చేర్చవలెను. ‘ఆఫ్టర్’ వరుసను మాత్రమే చెప్పును. డేటాబేసును పిలిచి లేపుటకు ‘వాంట్స్’ కూడ వ్రాయవలెను.

2. సర్వీస్. ‘యూజర్’ వద్ద టామ్‌క్యాట్‌కు ప్రత్యేకించిన పేరు ఇవ్వవలెను. రూట్ పేరున నడపరాదు. ‘ఎన్విరాన్‌మెంట్’ వద్ద జావా ఎక్కడున్నదో చెప్పవలెను. చేతితో నడిపిన నడిచి, తానుగా నడవకపోవుటకు తరచు కారణం ఇదే. మన లాగిన్‌లోని అమరికలు సిస్టమ్‌డికి కనబడవు. ‘ఎగ్జెక్‌స్టార్ట్’ వద్ద కాటలీనా డాట్ ఎస్‌హెచ్ పూర్తి చిరునామా, దాని ప్రక్క ‘రన్’ అను మాట వ్రాయవలెను. ‘రీస్టార్ట్’ వద్ద ‘ఆన్ ఫెయిల్యూర్’, ‘రీస్టార్ట్‌సెక్’ వద్ద 10 అని వ్రాసిన, ప్రోగ్రాము కూలినచో 10 సెకండ్లు ఆగి మరల లేపును. ఈ వ్యవధి ఇవ్వనిచో వెంటవెంటనే ప్రయత్నించి, 10 సెకండ్లలో 5 సార్లు విఫలమైన పిమ్మట ఊరకుండును.

3. ఇన్‌స్టాల్. ‘వాంటెడ్‌బై’ వద్ద ‘మల్టీ యూజర్ డాట్ టార్గెట్’ అని వ్రాయవలెను. ఇది లేనిచో కంప్యూటరు లేచునప్పుడు ఈ చీటీని తీయదు.

చీటీ వ్రాసిన పిదప ‘సిస్టమ్‌సీటీఎల్’ అను ఆజ్ఞతో మూడు మాటలు చెప్పవలెను. ‘డెమన్ రీలోడ్’ అనిన చీటీని చదువును. ‘ఎనేబుల్’ అనిన ఇకమీదట ప్రతిసారీ లేపును. ‘స్టార్ట్’ అనిన ఇప్పుడే లేపును. పలువురు ‘స్టార్ట్’ మాత్రమే చెప్పి, నడుచుచున్నది గదా అని ‘ఎనేబుల్’ మరచుదురు. లోపం కరెంటు పోయిన నాడు గాని బయటపడదు. ‘స్టేటస్’ అనిన స్థితి తెలియును. ‘జర్నల్‌సీటీఎల్’ ఆజ్ఞ ఎందుకు ఆగినదో చూపును.

ఇంకొక సంగతి. కరెంటు రాగానే కంప్యూటరే లేవనిచో ఈ చీటీ నిరుపయోగం. పెక్కు కంప్యూటర్లలో బయాస్ అమరికలో, కరెంటు వచ్చిన తరువాత తానుగా లేవవలెనని చెప్పుటకు వీలున్నది. దానిని సరిచేయవలెను. హఠాత్తుగా ఆగిన డేటాబేసుకు హాని కలుగవచ్చును గనుక యూపీఎస్, దినదిన ప్రతి రెండునూ అవసరమే.

మజూరీ లేని నాడు పరీక్ష చేయుడు. కంప్యూటరును ఆపి, మరల లేపి, ఎవరూ దాని మీటలు ముట్టక, వేరొక బల్ల మీది కంప్యూటరు నుండి ఒక సభ్యుని ఖాతా తెరిచి చూడుడు. తెరుచుకొనిన పని పూర్తి. ప్రోగ్రాము నడుచుచు జవాబివ్వని సందర్భాన్ని ‘రీస్టార్ట్’ కనిపెట్టలేదు. అప్పుడు సిబ్బంది చూడవలసినదే. అందుకు చేయవలసిన పనిని తెలుగులో వ్రాసి గోడకు అంటించుడు.

రూట్ పాస్‌వర్డు నలుగురికి పంచవలసిన అగత్యం ఇక ఉండదు. సభ్యుల కష్టార్జితం ఆ లెక్కలలో ఉన్నది. ఒక్కరి రాకపోకల మీద అది ఆధారపడి ఉండరాదు.