కాపలా కుక్కలకు పిడుదు జ్వరము

పూండి స్టేషను నుండి సముద్రము వైపు నడచినచో జీడి, కొబ్బరి తోటలు ఎడతెగక కనిపించును. జీడిపిక్కలు రాలు కాలములో రాత్రింబవళ్లు ఆ తోటలను కాయునది రైతుతోపాటు అతని కుక్కయే. అట్టి కుక్క నిన్నటిదాక మొరిగి, నేడు కూడు ముట్టక నీడను పడియుండి, కొద్ది దినములలోనే చనిపోవుట మీలో కొందరు చూచియుందురు. ఎండదెబ్బ యనియో, విషము తిన్నదనియో అనుకొని ఊరకుండుట వాడుక. పిడుదు జ్వరము కూడ ఇట్లే చంపును. సకాలములో గుర్తించినచో దీనిని కుదుర్చవచ్చును.

జబ్బు ఎట్లు వచ్చును?

కుక్క చెవులలోను, వ్రేళ్ల సందులలోను పట్టియుండు గోధుమవన్నె పిడుదు, అనగా గోమారి, రక్తమును పీల్చునప్పుడు తన చొంగతో బబేసియా అను సూక్ష్మజీవిని లోపలికి వదలును. అది ఎర్రకణములలో జొరబడి, పెరిగి, వాటిని పగులగొట్టి బయటికి వచ్చును. పిడుదు రెండు మూడు దినములు రక్తము పీల్చిన పిమ్మటనే సాధారణముగా జబ్బు అంటును. ప్రతిదినము పిడుదులను ఏరివేయుటలోని లాభము ఇదియే.

బబేసియాలో గిబ్సోని అను రకమును 1910లో పాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు వేటకుక్కల రక్తమునందు కనుగొని వర్ణించెను. నక్కల రక్తమునందును అది కనబడెను. నాడు మన ప్రాంతము గంజాం జిల్లాలో చేరి, మద్రాసు రాజధానిలోనే యుండెను. ఈ రకము వేరు జాతి పిడుదుల వలననే గాక, కుక్కలు ఒకదానినొకటి కరచుకొనుట వలనను వ్యాపించును.

కుక్కను చంపునది ఏది?

సూక్ష్మజీవి ఎర్రకణములను పాడుచేయుట సగము కథ మాత్రమే. శత్రువు చొరబడగనే తెల్లకణములు కొన్ని రసాయనములను రక్తములో విడుచును. ఇవి దండోరా వంటివి. వీటి వలన జ్వరము వచ్చును, రక్తనాళములు వెడల్పగును, మరిన్ని కణములు పోరునకు వచ్చును. దీనినే వైద్యులు శోథ యందురు. మితముగానున్నప్పుడు ఇది కుక్కకు రక్షణయే.

మితిమీరినచో ఎలుక మీద కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లగును. జబ్బు సోకని ఎర్రకణములను సైతము శరీరమే నాశనము చేసికొనును. రక్తము గడ్డకట్టుటకు కావలసిన కణములు తగ్గును. రక్తనాళములు కారి, రక్తపు పోటు పడిపోవును. మూత్రపిండములు, కాలేయము, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతినును. అందుచేతనే రక్తములో సూక్ష్మజీవులు కొద్దిగానున్నను కుక్క చావవచ్చును. మందు పడి అవి చచ్చిన తరువాత కూడ కొన్ని దినములు అపాయము పూర్తిగా తొలగదు. మంట అంటుకొనకముందే చికిత్స ప్రారంభించుట ముఖ్యము.

గుర్తులు

1. మేత మాని, మందకొడిగా పడియుండుట. కుక్క సహజపు వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 103 దాటినచో జ్వరమని యెరుగవలెను.
2. పెదవి ఎత్తి చూచినచో చిగుళ్లు తెల్లగానో, పచ్చగానో యుండుట.
3. మూత్రము ఎర్రగానో, కాఫీ డికాషను రంగుననో వచ్చుట.
4. కదలకున్నను రొప్పుట, గుండె వేగముగా కొట్టుకొనుట, తూలుట.

మొదటి గుర్తు కనబడిన దినముననే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. మూడవది వచ్చువరకు ఆగరాదు. ఎలుకల మూత్రము వలన వచ్చు జ్వరములోను కుక్కకు పచ్చకామెరలు, మూత్రపు రంగు మార్పు కలుగును. అది మనుష్యులకును అంటును గాన, ఏ జబ్బో తేలువరకు మూత్రమును ఒట్టి చేతులతో తాకరాదు.

చికిత్స

చెవి నుండి తీసిన రక్తపు చుక్కను గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచుట పరీక్షలలో మొదటిది. రకమును బట్టి మందు మారును. పెద్ద బబేసియాకు ఇమిడోకార్బ్ సూదిని, సాధారణముగా రెండు వారముల ఎడముతో రెండుమారులు వేయుదురు. గిబ్సోనికి ఆ సూది చాలదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ మందులను కలిపి పది దినములు ఇచ్చెదరు. రక్తము బాగుగా తగ్గినచో మరియొక కుక్క రక్తమును ఎక్కించవలసి వచ్చును.

జ్వరము తగ్గునని మనుష్యులు వాడు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలను ఇవ్వరాదు. అవి కుక్క కడుపునకు, కాలేయమునకు, ఇప్పటికే నలిగిన మూత్రపిండములకు హాని చేయును. శోథను అణచు స్టెరాయిడ్ మందులను వైద్యుడు చెప్పక వాడరాదు. కోలుకొన్న కుక్క రక్తములో సూక్ష్మజీవి దాగియుండవచ్చును. అట్టి కుక్క రక్తమును వేరొక కుక్కకు ఎక్కించరాదు.

నివారణ

ప్రతి సాయంత్రము కుక్క చెవులు, మెడ, వ్రేళ్ల సందులు వెదకి, పిడుదులను చిమటాతో చర్మమునకు దగ్గరగా పట్టి లాగి, సబ్బునీటిలో వేయవలెను. చేతితో నలుపరాదు. వైద్యుడు చెప్పిన పిడుదుల మందునే, చెప్పిన మోతాదుననే వాడవలెను. తోటకు చల్లు పురుగుమందును కుక్కకు పూసినచో పిడుదుకంటె ముందు కుక్కయే చచ్చును.

ఈ పిడుదు మూడుమారులు కుక్కను పట్టి, మూడుమారులు నేల రాలును. తక్కిన కాలము గోడ బీటలలో, పాక మూలలలో దాగి, ఆహారము లేకున్నను నెలల తరబడి బ్రదుకును. ఒక్క ఆడ పిడుదు వేలకొలది గ్రుడ్లు పెట్టును. కాబట్టి బీటలు పూడ్చి, కుక్క పడుకొను గోనెలను వేడినీట ఉడికించవలెను.

ఒక్క ఇంట శుభ్రము చేసినంత మాత్రమున పని తీరదు. వీధికుక్కల మీద పిడుదులున్నంతకాలము అవి తిరిగి వచ్చుచునేయుండును. పంచాయతీ కార్యదర్శులు పశువైద్య సిబ్బందితో మాటలాడి, జీడిపిక్కలు రాలకముందే ఊరి కుక్కలన్నిటికి ఒకేసారి మందు వేయించినచో మేలు. మీ కుక్క చిగుళ్లను ఈ సాయంత్రమే చూడుడు.